కెప్టెన్ మొఖానికి పసుపు

ఇప్పటి పసుపు పసుపు కాదు. ఈ మాట నేను రోజుకొకసారి అంటున్ననని, రిటైరైనంక నాకు వేరే పని లేకుండ పోయిందని మా ఆవిడ అంటది. రెండూ నిజమే. కానీ ప్యాకెట్‌లో వచ్చే ఆ పొడిని చేతికి రాసుకొని ఒక్కసారి నల్లా కింద పెట్టి చూడుండ్రి. చెయ్యి ఏమీ ఎరగనట్టు బయటికి వస్తది. ఎనకటి పసుపు అట్ల కాదు. ఒకసారి అంటుకున్నదంటే సబ్బుకు లొంగదు, సున్నిపిండికి లొంగదు, మనిషి ఎటు పోతే అటు వెంబడి వచ్చేది. ఈ సంగతి నాకు వంటింట్లో తెలిసింది కాదు, ఉద్యోగంలో తెలిసింది. పసుపు పోకపోవడం వల్ల ఒక అంతరిక్ష నౌక దారి తప్పింది. దానికి బాధ్యత కొంతవరకు నాది.

మా కాలనీలో ఫోన్లతోనే సీరియళ్లు తీసే పిల్లలు ముగ్గురున్నరు. కింద వచ్చే కామెంట్లు చదివి అన్నం మానేస్తరు. వాళ్ల కోసం ఇది రాస్తున్న. మా కాలంలో కామెంట్లు ఉండేవి కావు. మనుషులే నేరుగా వచ్చేది.

రాష్ట్రం వచ్చిన కొత్తల్లో నేను పాలమూరులో ఒక కేబుల్ ఛానెల్‌కు ప్రోగ్రాముల ఇంచార్జిని. పెద్ద హోదా అనుకోకుండ్రి. పెండ్లి వీడియోలు, బోరు మోటార్ల ప్రకటనలు, మార్కెట్‌లో టమాటల ధర, అన్నిటికీ నేనే జవాబుదారి. ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చేసి టమాటల ధర చదవడం మొదట్ల కష్టమనిపించింది. తర్వాత రెండూ అర్థం కానివే అని తెలిసి అలవాటు పడ్డ.

ఛానెల్ ఓనరును మేమంతా సేటు అనేది. ఆయన ఒకనాడు పిలిచి, పట్నం ఛానెళ్లన్నీ అత్తాకోడండ్ల మీద బతుకుతున్నయి, మనం ఇంకెవ్వరూ తియ్యనిది తియ్యాలె అన్నడు. నా దగ్గర ఒక కథ ఎన్నేండ్లనుంచో మూలుగుతుండె. భూమి మీద నీళ్లు అయిపోతయి. కొంతమంది విత్తనాలు, గొర్లు, పిల్లలను ఎక్కించుకొని ఒక నౌకలో వేరే గ్రహం వెతుక్కుంట పోతరు. నీళ్లు లేక మూట కట్టుకొని దూరం పోయే కథను పాలమూరోళ్లకు విడమరిచి చెప్పే పని లేదు. ఆ గ్రహానికి బొంబాయి అని పేరు పెట్టినా నడిచేది. సీరియల్ పేరు 'చుక్కల అవతల' అని పెట్టినం.

ఊరి బయట మూతపడ్డ పత్తి మిల్లులో సెట్టు వేసినం. పాత కూలర్ల డబ్బాలు గోడలైనయి, ట్రాక్టర్ సైలెన్సర్ ఇంజనైంది. సామాన్ల చెక్కపెట్టెలు విప్పినప్పుడు రాలిన ఇనుప మొలలు నేల నిండ పడి ఉండేవి, ఎంత ఊడ్చినా తక్కువ కాలేదు. అందుకని గుమ్మానికి నేనే ఒక బోర్డు రాసి తగిలించిన: 'చెప్పులు విడువరాదు.' దేశం మొత్తంలో ఇట్లాంటి బోర్డు ఇదొక్కటే ఉంటదని మా కెమెరామన్ వచ్చినోళ్లందరికీ చూపించేటోడు.

నౌకకు కెప్టెన్ నాకు మక్తల్ బస్సులో దొరికింది. కండక్టర్. బస్సు కిక్కిరిసి ఉండె. ఒకాయన మేకతో సహా మెట్టు మీద కాలు పెట్టిండు. ఆమె టికెట్లు కొడుతూనే, తల గూడ తిప్పకుండ, "ఒక్కరికే జాగా ఉన్నది. నువ్వా, మేకనా, జల్ది చెప్పు" అన్నది. గొంతు పెద్దగ చెయ్యలేదు. అయినా బస్సులో ఉన్నోళ్లంతా అరడుగు లోపలికి జరిగిండ్రు. నేను కూర్చొని ఉండి గూడ జరిగిన. తర్వాత తెలిసింది, గొర్లు కాసే ఇంటి బిడ్డ. డిగ్రీ చదివింది గానీ, ఆ గొంతు మాత్రం మందను మళ్లేసి మళ్లేసి తయారైందే.

సీరియల్‌లో చేస్తవా అమ్మా అని అడిగితే ఆమె ఒక్క ప్రశ్న వేసింది. "కెప్టెన్ అంటే పేరుకేనా సారూ, నౌక నిజంగ నేనే నడుపుతనా?"

నువ్వే నడుపుతవని చెప్పిన.

"మధ్యల ఎవడన్న వచ్చి గుంజుకునేటట్టుంటే ఇప్పుడే చెప్పుండ్రి. నేను రాను."

ఎవ్వరూ గుంజుకోరని మాటిచ్చిన. మాట ఇచ్చేటప్పుడు అది మాట ఇవ్వడమని తెల్వదు, మర్యాదకు అంటున్నమనుకుంటం.

నౌకలో ఆమె కింద పనిచేసే డిప్యూటీ వేషం జిమ్ము నడిపే ఒక పిల్లగానిది. మంచోడు. కెప్టెన్ తిట్టే సీన్లలో నిజంగనే భయపడేటోడు, అందుకే నటన బాగ వచ్చేది.

సీరియల్ ఆదివారం సాయంత్రం. అది అయిపోంగనే నేను ఫోన్ ముందట కూర్చొని ప్రేక్షకులతో లైవ్‌లో మాట్లాడాలె. మొదటి వారం మెచ్చుకున్నరు. రెండో వారం నుంచి అభ్యంతరాలు మొదలైనయి. ఆదివారం మధ్యాహ్నం అన్నం ముందట కూర్చొని ఫోన్ దిక్కే చూసేది. ఇప్పటికీ ఆదివారం పొద్దుగూకంగ ఎవరి ఫోన్ మోగినా నేను లేచి నిలబడత. మా ఆవిడ చూసి, సీరియల్ అయిపోయింది కూసో అంటది.

మొదట్ల అడిగేటోళ్లు మర్యాదగనే అడిగేది. గా కెప్టెన్ నవ్వదేంది సార్ అని ఒకాయన. నౌక మీదికి రాయి వస్తున్నది గద అని చెప్పిన. రాయొస్తే మాత్రం జర నవ్వొద్దా అన్నడు. ఇంకొకాయన రిటైరైన లెక్కల సారు. ఆడోళ్ల శరీరానికి అంతటి వేగం పడదని సైన్సు ప్రకారం చెప్పిండు. ట్రాక్టర్ సైలెన్సర్‌తో నౌక చుక్కలు దాటుతున్నదాని గురించి ఆయనకు సైన్సుపరంగ ఏ అభ్యంతరమూ లేకుండె.

అందరికంటే గట్టిగ అరిచేది డిగ్రీ కాలేజీ పిల్లగాడొకడు. సీరియల్‌కు అభిమాన సంఘం అని పెట్టి తానే అధ్యక్షుడైండు. సీరియల్ మీద పిచ్చి ప్రేమ వానికి. నేను రాసి మర్చిపోయిన డైలాగులు గూడ వానికి నోటికొచ్చు. ద్వేషించేటోడు చూడడం మానేస్తడని నేను అమాయకంగ అనుకునేది. అట్ల కాదు. బాగ ప్రేమించేటోడే వచ్చి, ఇది నాది, ఇందులో ఈమె ఎవరు అంటడు. డిప్యూటీని కెప్టెన్ చెయ్యాలె, లేకుంటే ఊకోం అని వాడు ప్రతి వారం లైవ్‌లో చెప్పేటోడు. మొగోన్ని పట్టుకొని గా ఆడది అట్ల తిడుతుంటే మేం ఇంట్ల ఎట్ల కూసోని చూడాలె సార్ అనేటోడు. ఇంట్లో వాళ్ల అమ్మ తిట్టదా అని అడుగుదామనిపించేది. లైవ్‌లో ఉద్యోగం చేసేటోనికి అనిపించడం వరకే హక్కు.

నాకు ఫోన్ దాకనే. ఆమెకు రోజూ బస్సు. మొదట్ల పిల్లలు "కెప్టెన్ మేడం, చంద్రమండలానికి ఒక ఫుల్లు, రెండు హాఫులు" అనేది. చంద్రమండలం బస్సు అవతలి ప్లాట్‌ఫారం అని ఆమె గూడ నవ్వుకుంటనే అనేది. తర్వాత నవ్వే మాటలు అయిపోయినయి. వెనక సీట్ల నుంచి వినరాని కూతలు. టికెట్ తీసుకోకుండ, నువ్వు దిగుతవా మేం దించాల్నా అనడం. ఒకనాడు ఎవడో విసిరిన అరటితొక్క భుజం మీద పడితే, అట్లనే మక్తల్ దాకా టికెట్లు కొట్టిందని డ్రైవరు వచ్చి నాతోని చెప్పిండు. ఆమె చెప్పలేదు.

అంతలోకే ఊర్లల్లో కేబుల్ నడిపే ఆపరేటర్లు సేటు మీద పడ్డరు. కెప్టెన్‌ను మార్చకుంటే మా ఊర్లె మీ ఛానెల్ పీకేస్తం అన్నరు. సేటు ఆఫీసులో ఆ గోడ నుంచి ఈ గోడకు తిరుగుకుంట, "సార్, ఆమెను చంపెయ్యి. గౌరవంగనే చంపెయ్యి, సెల్యూట్ గిట్ల కొట్టిద్దం" అన్నడు.

చంపలేక, ఎదురు చెప్పలేక నేను నడిమిట్లది ఒకటి పట్టిన. కెప్టెన్‌కు రేడియేషన్ తగిలి మొఖం కాలుతది, కానీ నౌకను వదలదు. రెండు వారాలు అట్ల లాగుదాం, జనం జాలిపడతరేమో చూద్దాం అన్న. సేటు ఒప్పుకున్నడు. ఆమెకు చెప్తే, నౌక ఎవరు నడుపుతరని మాత్రం అడిగింది. నువ్వేనమ్మా అన్న. సరే అన్నది.

ఇగ ఇక్కడ జరిగింది జాగ్రత్తగ చదువుండ్రి, ఎందుకంటే మేం జాగ్రత్తగ చెయ్యలేదు.

మా మేకప్ పెద్దాయన వీధి భాగోతాల్లో రంగులు పూసిన మనిషి. కాలిన మొఖానికి ఏం రాయాలె సారూ అని అడిగిండు. పచ్చగ ఉండి నడుమ ఎర్రగ కమిలినట్టుండాలె అన్న. ఆయన పసుపు మెత్తగ నూరి మొఖమంతా పట్టించిండు. అదే పసుపులో సున్నం కలిపితే ఎర్రగైతది గదా, దాన్ని నుదుట పెద్దగ కమిలినట్టు పెట్టిండు. కెమెరామన్ వచ్చి, నౌకలో గురుత్వాకర్షణ పోయింది గదా సార్, జుట్టు లేవాలె అని ఆమె జడ విప్పించి కింద నుంచి టేబుల్ ఫ్యాను పెట్టిండు. ప్రమాదం జరిగిందని ఎర్ర లైటు వేసినం. నౌకలో మొక్కలు పెంచే గది కూలిపోయింది కాబట్టి ఆమె చేతిలో ఆకుల కొమ్మ ఉండాలని కథలో ఉన్నది. మిల్లు బయట ఉన్నది వేపచెట్టొక్కటే.

ఆమె వేపకొమ్మ పట్టుకొని, పసుపు మొఖంతోని, విరబోసుకున్న జుట్టుతోని ఎర్ర వెలుగులో నిలబడి, "ఒక్కడు కదలొద్దు. నేను చెప్పినట్టు నడిస్తే అందరూ బతుకుతరు" అన్నది. మేం నలుగురం చూస్తున్నం. నలుగురం ఈ జిల్లాలోనే పుట్టి, బోనాల కాడ పూనకం వచ్చిన ఆడోళ్లను ఊహ తెలిసినప్పటి నుంచి చూసినోళ్లమే. ఒక్కనికి తట్టలేదు. ఎవరి సైన్సులో వాళ్లం ఉన్నం. షాట్ బాగొచ్చిందన్న.

ఆ ఆదివారం సీరియల్ అయిపోయింది. ఫోన్ మోగలేదు. ఎన్నడూ లేనంత సేపు మోగలేదు. ఛానెలే పీకేసిండ్రా అని నేను లేచి వైర్లు చూస్తుంటే మోగింది. ఒక ముసలాయన. తల్లి చెప్పింది సగం ఇనపడలేదు, మళ్లొక్కసారి ఎయ్యుండ్రి, టీవీ ముందట కొబ్బరికాయ కొట్టినం అన్నడు. తర్వాత ఒకామె, ఈ యేడు వానలు పడతయా అడిగి చెప్పుండ్రి అన్నది. ఆ ఎండాకాలం చెరువులు పర్రెలు ఇచ్చి ఉండె, అడగడంలో తప్పు లేదు, అడిగే జాగానే తప్పు. ఆలంపూర్ నుంచి ఒకాయన, అమ్మోరు సీరియల్‌లకు వచ్చినప్పుడు ముందుగాల చెప్పాలె గద సార్, మేం తలకు పోసుకోకుండనే చూసినం అని కోపం చేసిండు.

ఆఖరుకు సంఘం అధ్యక్షుడు ఫోన్ చేసిండు. నేను గుండె దిటవు చేసుకొని ఎత్తిన. వాడు మెల్లగ, "సార్, తల్లికి తప్పైందని చెప్పుండ్రి" అని పెట్టేసిండు.

సేటు మిఠాయి తెప్పించిండు. చంపుడు లేదు గింపుడు లేదు అన్నడు. ఇగనుంచి కెప్టెన్ నౌకలో కొలువున్న అమ్మవారు, నడిపేది డిప్యూటీ, రాయి అడ్డమొచ్చినప్పుడల్లా ఆయన దండం పెడితే ఆమెకు పూనకమొచ్చి దారి చెప్తది. నన్ను రాయమన్నడు. రాసిన. ఇందులో ఆమె డైలాగులు తగ్గినయి, కేకలు పెరిగినయి.

ప్రతి వారం చివరి సీను ఆదివారం పొద్దున్నే తీసేది, ఆ రోజే ఆమెకు సెలవు. తర్వాతి ఆదివారం సేటు పట్టుచీర, నిమ్మకాయల దండ తెచ్చి సెట్టులో పెట్టిండు. ఎవరో కెప్టెన్ కుర్చీ ముందట ముగ్గు గూడ వేసిండ్రు. నేను లోపల అడుగు పెట్టంగనే కాలిలో మొల దిగింది. టీటీ సూది వేయించుకొని వచ్చేటాలకు పొద్దెక్కింది. హడావిడిలో ఇట్లాంటివి జరుగుతుంటయి. ఆ రోజంతా కుంటుకుంటనే తిరిగిన.

ఆమె సెలవు రోజైనా ఖాకీ బట్టల్లోనే వచ్చింది. చెవుల పక్కన, జుట్టు మొదట్ల పసుపు ఇంకా పోలేదు. చీర దిక్కు చూసింది, నేను రాసిన కాగితాలు చదివింది. సేటు చేతులు కట్టుకొని, "చెల్లె, నువ్వు కూసో" అన్నడు. అప్పటిదాకా ఆయన ఆమెను కూసోమన్నది నేను చూడలేదు.

ఆమె కూర్చోలేదు. ఆ వారం బస్సులో జరిగింది చెప్పింది. ఎంత కడిగినా మొఖం పచ్చగనే ఉన్నదట. అట్లనే డ్యూటీ ఎక్కితే బస్సు మొత్తం లేచి నిలబడ్డదట. ఒక్కడు కూత పెట్టలేదు, చిల్లర కాడ ఒక్కడు కొట్లాడలేదు. నాకు సుఖమే అనిపించింది సారూ, అబద్ధమెందుకు అన్నది. నడిమిట్ల ఒక ఊరి కాడ ఒకామె ఎక్కి, ఒళ్లు కాలుతున్న పసిపిల్లను తెచ్చి ఈమె ఒళ్లో పెట్టింది. తగ్గుతదని ఒక్క మాట చెప్పు తల్లీ అన్నది. దవాఖానకు పొమ్మని ఈమె చెప్పింది. ఆమె వినలేదు. నేను కండక్టర్ను, అమ్మోరిని గాను, పిల్లను దవాఖానకు తీస్కపో అని ఈమె చేతులు పట్టుకొని చెప్పింది. అయినా వినలేదు. నువ్వు కోపంల ఉన్నవు తల్లీ అని కాళ్ల మీద పడ్డది. పిల్ల కండ్లు తేలేస్తున్నది.

"ఏం జేయాలె? జడ ఇప్పిన. ఊగిన. కండ్లు పెద్దగ జేసి, దవాఖానకు పోతవా లేదా అని ఒర్లిన. అప్పుడు దిగి ఉరికింది."

పిల్ల ఎట్లున్నదని మేకప్ పెద్దాయన అడిగిండు. బతికిందట. సూదులేసి పంపిండ్రట.

"మంచిదే గద చెల్లె, నీ చేతుల మీద ఒక పాణం నిలబడ్డది" అన్నడు సేటు.

ఆమె ఆయన దిక్కు గాక నా దిక్కు చూసింది. నౌక నువ్వే నడుపుతవని చెప్పిండ్రు గద సారూ అన్నది. నేను కాలు నొప్పి మీద ధ్యాస పెట్టిన. ఆమె చీర ముట్టలేదు. గట్టిగ జడ వేసుకొని, మొఖం కడుక్కొని, కెప్టెన్ కోటు తొడుక్కొని, పాత కథ ప్రకారం సీను చేస్తనన్నది. సాయంత్రం ఫోన్ కాడ గూడ తానే కూర్చుంటనన్నది. సీను లేకుంటే ఆ పూట వెయ్యడానికి మా దగ్గర టమాటల ధర తప్ప ఏం లేదు. సేటు ఒప్పుకోక తప్పలేదు.

సాయంత్రం ఆమె ఖాకీ బట్టల్లో కెమెరా ముందట కూర్చున్నది. నేను పక్కన నిలబడ్డ. మొదటి ఫోన్ ఒక అవ్వది. వానలెప్పుడు తల్లీ అని అడిగింది.

"నాకు తెల్వదవ్వా. నేను మక్తల్ బస్సు కండక్టర్ను. పోయిన వారం మొఖానికి రాసింది మేకప్."

అవ్వ ఫోన్ పెట్టేసింది. రెండో ఫోన్ అధ్యక్షునిది. వాని గొంతులో వారం కింద ఉన్న భక్తి ఏ మూల వెతికినా లేదు.

"మేడం, మమ్మల్ని మోసం జేసిండ్రు. మా సంఘమంత కలిసి కొబ్బరికాయలు గొట్టినం."

"కెప్టెన్‌కు కొబ్బరికాయ కొట్టుమని ఎవరు చెప్పిండ్రు తమ్మీ?"

"అమ్మోరివి గానప్పుడు నీకు నౌకల ఏం పని? దిగు."

ఆమె బస్సులో మాట్లాడినట్టే, గొంతు పెంచకుండ అన్నది. "నౌక నాది తమ్మీ. టికెట్ లేకుండ ఎక్కింది నువ్వు. నువ్వే దిగు."

నా ఉద్యోగంలో లైవ్‌లో నేను విన్న మంచి మాట అదొక్కటే. దాని ఫలితం గూడ వెంటనే కనబడ్డది. ఆ వారంలోనే ఆపరేటర్లు చాలా ఊర్లల్లో మమ్మల్ని పీకేసిండ్రు. ఒక పంచాయితీలో, అమ్మవారిని అవమానించిండ్రని నన్ను నిలబెట్టి అడిగిండ్రు. ఆమె బస్సులో మళ్ల కూతలు మొదలైనయి, ఈసారి ఎక్కువనే. సేటు సీరియల్ ఆపేసిండు. ఆ నౌక ఇప్పటికీ ఏ గ్రహానికీ చేరలేదు. మిల్లు మాత్రం ఫంక్షన్ హాలైంది.

మొన్న ఒక పెండ్లికి పోతూ మక్తల్ బస్టాండులో దిగితే మైకులో గొంతు వినబడ్డది. తల తిప్పకుండనే గుర్తుపట్టిన. ఆమె ఇప్పుడు అక్కడ కంట్రోలర్. ఏ బస్సు ఎప్పుడు కదలాలో ఆమె చెప్తది, బస్సులు కదులుతయి. నన్ను చూసి కూర్చోబెట్టి చాయ తెప్పించింది. పాత సంగతులు వచ్చినయి. రిటైరైనోని దగ్గర చాయ పెడితే ఉపన్యాసం రాకుండ ఉండదు. నేనూ మొదలుపెట్టిన. మన జనం అంతేనమ్మా, ఆడమనిషిని మొక్కుతరు లేకుంటే తొక్కుతరు, మనిషిలెక్క ఎదురుగ కూర్చోబెట్టుకొని మాట వినడం మాత్రం వాళ్లకు రాలేదు, ఎప్పుడొస్తదో ఏమో అని తల ఊపుకుంట చెప్పిన.

ఆమె రాయచూరు బస్సును పంపించి, మైకు బంద్ చేసి, చాయ గ్లాసు చేతిలోకి తీసుకున్నది.

"జనాన్ని ఎందుకంటరు సారూ. గా ముగ్గేసిన ఆదివారం పొద్దున, బోర్డు రాసిన మీరే చెప్పులిడిసి లోపలికొచ్చిండ్రు."